ఒంటిపలక తలుపు

మా బావకు చెక్కతో మాట్లాడడం వచ్చు. చెక్కపని మాత్రం రాదు.

అక్కను చేసుకుని మా ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఇదే వరస. కొనడానికి ఎవరైనా వస్తే చాలు, నల్లమద్ది కుర్చీ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "ఇది ఊపిరి పీలుస్తోంది, వింటున్నారా?" అంటాడు. వచ్చినవాళ్ళు పాపం చెవులు రిక్కిస్తారు. పక్కగదిలో ఆ కుర్చీ జతకు గరుకు కాగితం రుద్దుతూ నేను నా ఊపిరి వింటూ ఉంటాను. పనివాళ్ళు అతనికి ఉపన్యాసం అని పేరు పెట్టుకున్నారు. ఉపన్యాసం వస్తోందంటే రంపాల చప్పుడు పెరుగుతుంది.

నల్లమద్ది అంత సులువుగా లొంగే కర్ర కాదు. మేకు కొడితే మేకే వంగుతుంది. పచ్చిగా ఉండగా తొందరపడితే నిలువునా పగిలి ఊరుకుంటుంది. అందుకే నాన్న పలకకూ పలకకూ మధ్య పుల్లలు పెట్టి, నీడలో ఏళ్ళ తరబడి ఆరనిచ్చేవాడు. పోయేముందు అలా ఆరిన పలక ఒకటి మిగిల్చాడు. ఒకే మానులోంచి తీసింది, ఎక్కడా అతుకు లేదు. "ఇది నీ పని బల్లకు. నా బల్ల నాతోపాటే ముసలిదైపోయింది" అని నాతో చెప్పాడు. నిజమే. నాన్న బల్ల మీద చిత్రిక పడుతుంటే, చిత్రిక కంటే ముందు బల్ల నడుస్తుంది.

ఆ పలక మీద బావ కన్ను పడింది. ముందుగదిని షోరూమ్ చేస్తున్నాడట, దానికి ఒంటిపలక తలుపు కావాలట.

"అది నాన్న నాకిచ్చాడు" అన్నాను.

"బల్లని ఎవరు చూస్తారు అమ్మాయ్? తలుపైతే వీధంతా చూస్తుంది."

అక్క వైపు తిరిగాను. అక్క మొగుడి మాట జవదాటదు. "మీ బావ సరదా పడుతున్నారే, పోనీలే" అంది. ఆ పోనీలే నాకు పంటికింద రాయిలా ఉండిపోయింది.

బుద్ధున్నవాళ్ళెవరూ అంత వెడల్పు పలకను అలాగే తలుపు చెయ్యరు. చట్రం కట్టి, దాని గాడిలో పలకలు వదులుగా కూర్చోబెడతారు. ఎంత ఆరిన మద్దయినా వానాకాలం తేమ తాగి అడ్డంగా ఉబ్బుతుంది, ఉబ్బడానికి చోటుండాలి. ఆ మాటే చెప్పాను. బావ ఎండాకాలంలోనే దాన్ని గుమ్మానికి వెంట్రుక దూరకుండా బిగింపించి, "చూశావా, గాలి కూడా దూరదు" అన్నాడు.

"తర్వాత మీరూ దూరరు బావగారూ."

నవ్వాడు. నేనేం నవ్వులాటకు అనలేదు.

ఇక షోరూమ్ ముచ్చట. ఇంట్లోంచి ఆ గదిలోకున్న గుమ్మాన్ని గోడ కట్టించి మూసేశాడు. నాన్న ఉలులూ చిత్రికలూ వరసగా గోడకు బిగించి, వాటి పదును మీద కూడా వార్నిష్ కొట్టించాడు. మిషన్ మీద నున్నగా తీయించిన బల్లలకు అక్కడక్కడ గాట్లు పెట్టించి చేతిపని అన్నాడు. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఎవరైనా అడిగితే ఆ గది చూపిస్తే సరిపోతుంది.

వానలు పట్టుకున్నాక ఒక హోటలామె కుర్చీలు చూడడానికి వస్తానంది. ఆవిడ మెట్లెక్కగానే తలుపు తనే లోపలినుంచి తెరిచి ఆహ్వానించాలని బావ ముచ్చట. ముందే లోపలికి వెళ్ళి భుజంతో నెట్టి మరీ మూసుకున్నాడు. తలుపు మూయడానికి భుజం అవసరమైనప్పుడే మనిషికి అనుమానం రావాలి.

హోటలామె వచ్చింది. గొడుగు పట్టుకుని నిలబడింది. లోపల లాగుతున్న చప్పుడు, తర్వాత ఏదో ఊడిన చప్పుడు.

"పిడి ఊడొచ్చింది" అన్నాడు బావ లోపలినుంచి. "చెక్క కాస్త మొండికేసినట్టుంది."

ఆడలేనమ్మ మద్దెల ఓడంది. పనివాళ్ళు బయటినుంచి తోశారు. కదల్లేదు. కిటికీలకు చూస్తే ఊచలు.

"గోడ మీద ఉలులున్నాయిగా బావగారూ, తలుపు మడతబందులు విప్పి చూడండి."

"ఉలులు ఊడి రావట్లేదు. గట్టిగా బిగించేశాం."

"ఇక కొయ్యడమే."

"వద్దొద్దు. ఎండలు రానీ, దానంతటదే వదులవుతుంది."

"అందాకా అన్నం కిటికీలోంచి పెట్టమంటారా?"

హోటలామె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు లోపలికీ వినపడే ఉంటుంది. ఈ గోలకు బయటికొచ్చిన అక్క తలుపులో ఊడిన పిడి తాలూకు చిల్లు వైపు చూసింది.

"కొయ్యవే" అంది.

గొళ్ళెం వైపు రెండు వేళ్ళ వెడల్పు వదిలి నిలువుగా గీత గీశాను. పైన బరమాతో చిల్లు వేసి సన్న రంపం దూర్చాను. దారి దొరికాక పెద్ద రంపం పట్టాను. నాన్న అన్నేళ్ళు కాపాడిన పలకను నా చేత్తో నేనే కోస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మద్ది కదా, తొందరగా తెగదు. ఏడవడానికి కావలసినంత తీరిక దొరికింది.

తలుపు తెరుచుకుంది. కోసిన ముక్క ఊడి బావ కాలి మీద పడింది. ఒంటికాలి మీద నిలబడి, చేతిలో పిడితో, అప్పుడు కూడా అతను ఊరుకోలేదు. "ఏం పర్లేదు. ఆ ముక్క అతికిస్తే తలుపు తలుపే. పైగా ఇప్పుడు దానికో కథ కూడా ఉంది" అన్నాడు హోటలామెతో.

"బందులు విప్పండి. అది చెల్లి బల్ల" అంది అక్క.

పెళ్ళయ్యాక అక్క అతనికి పని చెప్పడం నేను వినడం అదే మొదలు. బావ స్క్రూడ్రైవర్ తెమ్మన్నాడు. ఏది తేవాలని అడిగితే అన్నీ తెమ్మన్నాడు. చివరికి నేనే విప్పుకున్నాను.

ఇప్పుడు ఆ పలక మీదే పని చేస్తున్నాను. ఎంత బలంగా చిత్రిక పట్టినా బల్ల కదలదు. ఎండలు ముదిరాక ఒకరోజు ఊరికే కొలిచి చూస్తే, పలక కుంచించుకుని ఉంది. కొయ్యకుండా తలుపుగానే ఉండి ఉంటే పాపాయి తోసినా తెరుచుకునేది. అంటే ఎండలొస్తే వదులవుతుందని ఆ రోజు బావ అన్నది అక్షరాలా నిజం. చెక్క గురించి ఇన్నేళ్ళలో అతను చెప్పిన నిజం అదొక్కటే. ఆ సంగతి అతనికి చెప్పే ఉద్దేశం నాకు లేదు.