బోర్డు మీద మిగిలిన బిళ్ళ

గట్టయ్య పోయిన వారంలో అతని భార్య సారవ్వను ఓదార్చనివాళ్లు ఆ కాలనీలో లేరు. వచ్చినవాళ్లంతా ఓదార్చేవాళ్లే, ఒక్కరి ఓదార్పూ ఆమెకు అంటలేదు. మరిది వాళ్లు, "చర్చి పట్టుకొని తిరిగినవ్, మైసమ్మకు కోపమొచ్చింది" అన్నారు. చర్చి ఆడవాళ్లు, "ఏడువకు, ఏడిస్తే దేవుని మీద నమ్మకం లేనట్టు" అన్నారు. మొగుణ్ణి పోగొట్టుకున్నది తను, తప్పు చేసినదానిలా తల వంచుకు కూర్చోవలసిందీ తనే. అటూ ఇటూ కాకుండా రెంటికీ చెడ్డ రేవడిని చేశారు. అయితే సారవ్వ తల వంచుకు కూర్చునే రకం కాదు.

గట్టయ్యది బొగ్గుబావి లాంపురూంలో డ్యూటీ. బావిలోకి దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను కిటికీలోంచి లోపలికిచ్చి టోపీలైటు తీసుకుంటాడు. ఆ బిళ్ళ లోపలి బోర్డు మీదికి ఎక్కుతుంది. పైకొచ్చి లైటు అప్పజెబితే బిళ్ళ మళ్లీ చేతికొస్తుంది. షిఫ్టు దిగాక బోర్డు మీద ఏదైనా బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. అలాంటి పనిలో ఇన్నేళ్లూ గడిపినవాడు, పొద్దున పాలకని పోయి దారిలోనే కూలబడ్డాడు. దవాఖానకు చేరేసరికి అంతా అయిపోయింది.

అతను చర్చిలో అడుగు పెట్టలేదు. ప్రతి ఆదివారం సారవ్వను స్కూటర్ మీద గేటు దాకా తెచ్చి దింపేవాడు. ఆరాధన అయ్యేదాకా ఎదురుగా చాయ్ బండి దగ్గర బీడీ కాలుస్తూ కూర్చుని, మళ్లీ ఎక్కించుకుపోయేవాడు. "లోపలికి రారాదు, దేవుడేమన్న కొడ్తడా" అని ఆమె అంటే నవ్వేవాడు. "నువ్వు పోవే. నువ్వు లోపలుంటే నీ ఎన్కనే నేనెట్లన్న దూరుత" అనేవాడు.

ఇప్పుడా మాటే ఆమె గుండెను కోస్తోంది.

చావు జరిగిన ఇంట చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడిక పెట్టుకుందామని ఆమే కబురంపింది. ముందురోజు సంఘ పెద్ద బుచ్చన్న, పాస్టరు రవికాంత్ క్వార్టరుకు వచ్చారు. బుచ్చన్న రిటైరైన బావి కార్మికుడు, గొంతులో పెద్దరికం ఎక్కువ. రవికాంత్ కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. మంచివాడే, పెద్దల మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

"కూడిక పెడ్దం చెల్లె. నిన్ను ఆదరించుడు మా బాధ్యత" అన్నాడు బుచ్చన్న. "గని గట్టయ్య ఫోటో పెట్టద్దు. పరలోకంల మళ్ల కలుసుకుంటమనే పాట పాడద్దు. ఆయన బాప్తిస్మం తీసుకోలే గదా."

"మరేం పాడుతరు?"

"నీకు ధైర్యమిచ్చే పాట ఏదన్న."

"నాకు ధైర్యం తక్కువైందని ఎవరన్నరు బుచ్చన్నా?"

బుచ్చన్న పాస్టరు వైపు చూశాడు. "పెద్దాయన చెప్పింది కాస్త ఆలోచించండమ్మా. రేపు సంఘంలో మాటొస్తుంది" అన్నాడు రవికాంత్, చాయ్ గ్లాసులోకి చూస్తూ.

వాళ్లు వెళ్లిపోయాక సారవ్వ చాలాసేపు గడపలోనే నిలబడింది. పాటదేముంది, ఒకటి కాకపోతే ఇంకొకటి. ఆమె భయం పాట గురించి కాదు. తాను లోపల, ఆయన గేటు బయట చాయ్ బండి దగ్గర. ఎప్పటికీ అట్లాగేనా? లోపలికి పోయి కూర్చున్నా, చెవులన్నీ బయటి స్కూటర్ చప్పుడు మీదే పెట్టుకు కూర్చోవాలా? అలాంటి పరలోకం ఆమెకు పరలోకంలా కనబడలేదు. ఆ సంగతి దేవుడికే మొహం మీద చెప్పింది. ప్రార్థన అనడానికి లేదు, కొట్లాటే.

అంతలో, తాను దేవుడి దగ్గరికి ఎలా వచ్చాడో బుచ్చన్న చర్చిలో చెప్పే సాక్ష్యం గుర్తొచ్చింది. ఆ సాక్ష్యం సంఘంలో పసిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. రక్షణ పొందకముందు బుచ్చన్న తాగుబోతు. ఒకనాడు షిఫ్టులో, బావి లోపల ఎవరూ తిరగని పాత గ్యాలరీ సొరంగంలోకి నడిచి, మత్తులో పడి నిద్రపోయాడు. లేచేసరికి లైటు ఆరిపోయి ఉంది, చేయి చాస్తే చేయి కనబడని చీకటి. అప్పుడు మొదటిసారి యేసయ్యను పిలిచాడు. దూరంగా వెలుగులు కనిపించాయి, దేవుడు తన దూతల్ని పంపాడు. ఇక్కడికొచ్చేసరికి బుచ్చన్న ఎప్పుడూ కళ్లు తుడుచుకునేవాడు.

ఆమె ఇంటికొచ్చి ఈ కథ చెబితే గట్టయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఆ దూతకు రెండో షిఫ్టు గూడ మీద పడ్డదని చెప్పిండా?" అని అడిగాడు. ఆ రోజు షిఫ్టు దిగిన వాళ్లంతా, బుచ్చన్న తాగి ఏ దారినో ఇంటికి పోయి ఉంటాడు, కిటికీ మూసెయ్ అన్నారు. గట్టయ్య మూయలేదు. బిళ్ళ బోర్డు మీద ఉంది, మనిషి లోపల ఉన్నాడు అని భీష్మించుక్కూర్చున్నాడు. నలుగురూ తిట్టుకుంటూనే మళ్లీ దిగి వెతికితే బుచ్చన్న దొరికాడు. "పోనీలే, ఆయన నోట నన్ను దూతను జేసిండు, అదే పదివేలు" అని గట్టయ్య ఆ సంగతి అంతటితో వదిలేశాడు. ఎవరికీ చెప్పుకోలేదు.

సారవ్వ వదలదలచుకోలేదు.

మర్నాడు క్వార్టరు ముందు టెంటు వేశారు. సారవ్వ తెల్లచీర కట్టుకుని, అందరికీ కనిపించేలా ముందు కుర్చీలో గట్టయ్య ఫోటో పెట్టింది. బుచ్చన్న చూసి మొహం గంటు పెట్టుకున్నాడు గాని నలుగురిలో తీసెయ్యమనలేకపోయాడు. రవికాంత్ చాలాసేపు ఆదరణ గురించి మాట్లాడాడు. గట్టయ్య పేరెత్తవలసి వచ్చిన ప్రతిసారీ "మన సహోదరి భర్త" అన్నాడు. మధ్యలో ఊరవతల ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి ఫోటో అద్దం గలగలమంది. పాస్టరు ఉలిక్కిపడ్డాడు. తక్కినవాళ్లు కదల్లేదు, అది వాళ్లకు రోజూ ఉండేదే.

ఎవరైనా మాట్లాడతారా అని అడగగానే సారవ్వ లేచింది. మైకు తీసుకోలేదు.

"ఇంతసేపు మాట్లాడిన్రు అయ్యగారూ, ఆయన పేరు ఒక్కసారన్న ఎత్తలే. ఆయన పేరు గట్టయ్య" అంది. తర్వాత బుచ్చన్న వైపు తిరిగింది. "బుచ్చన్నా, నీ సాక్ష్యం చెప్పు."

"గిప్పుడెందుకు చెల్లె?"

"ఎప్పుడూ ఎవరూ అడగకున్న చెప్తవు. ఇయ్యాల నేను అడుగుతున్న."

బుచ్చన్న తల అడ్డంగా ఊపాడు. పక్కింటి పూలమ్మ కొంగు పట్టి కూర్చోబెట్టబోయింది. సారవ్వ కొంగు లాక్కుంది.

"సరే, నేనే చెప్త. నువ్వు తాగి పన్నవు. అందరు ఇంటికి పోదామన్నరు. నీ బిళ్ళ బోర్డు మీద ఉన్నదని మా ఆయన కిటికీ మూయలే. నీ కాడికొచ్చిన దూతలను తోలింది గీ ఫోటోల ఉన్న మనిషి. ఒక్క మాట చెప్పు బుచ్చన్నా, ఆ దినానికి నీకు బాప్తిస్మం ఉండెనా?"



"లేకుండె" అన్నాడు బుచ్చన్న.

"లేకున్న దేవుడు నీ కోసం మనుషులను తోలిండు. తప్పిపోయిన గొర్రె దొరికేదాక కాపరి ఇంటికి పోలేదని మీరే నాకు నేర్పిన్రు. లాంపురూంల పనిచేసే మనిషికే అంత మొండితనముంటే, ఆయనను పుట్టించినోనికి ఉండదా? గట్టయ్య బిళ్ళ బోర్డు మీదుండంగ దేవుడు కిటికీ మూసి ఇంటికి పోతడా? గసొంటి దేవుణ్ణయితే నేను నమ్మలే. నేను నమ్మిన దేవుడు వేరే."

రవికాంత్ చేతిలోని పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. బుచ్చన్న మెల్లగా లేచాడు. నిన్నటి పెద్దరికం ఆ గొంతులో లేదు.

"గట్టయ్య యాడున్నడో నాకు తెల్వది చెల్లె. తెల్వకనే మాట్లాడిన."

"నాకు గూడ తెల్వది. తెలిస్తే ఆశెందుకు? తెల్వదు గనకనే దేవుని మీద ఆశ పెట్టుకున్న. దాన్ని నా చేతులకెల్లి గుంజకుండ్రి."

బుచ్చన్న ఫోటో ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఆ దినం ఇంకొక ముచ్చట గూడ ఉన్నది. నేనెప్పుడూ చెప్పలే, సిగ్గయ్యి" అన్నాడు. "నేను పైకొచ్చేసరికి కిటికీ కాడ గట్టయ్య ఒక్కడే కూసున్నడు. తిడ్తడనుకున్న. తిట్టలే. నా బిళ్ళ నా చేతిల పెట్టి, 'ఇగ పా, ఇంటికి పోదాం. మా సారవ్వ అన్నం తినకుంట చూస్తంటది' అన్నడు."

ఆ రాత్రి సారవ్వకు గుర్తే. కూర చల్లారిపోయిందని గట్టయ్యను నోటికొచ్చినట్టు తిట్టింది. ఎందుకు ఆలస్యమైందో అతను చెప్పలేదు, చల్లటి కూరే తిని పడుకున్నాడు. అది తలుచుకోగానే వారం రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా తెగింది. తల్లిగారి ఊరిలో ఆడవాళ్లు ఏడ్చినట్టు, పేరు పెట్టి పిలుస్తూ, గుండె బాదుకుంటూ గొంతెత్తి ఏడ్చింది.

"ఏడువకు అక్కా" అంది పూలమ్మ కంగారుగా.

"ఏడుస్త. దోస్తు సమాధి కాడ యేసయ్యే ఏడ్చిండు, నాకేం తక్కువ" అంది సారవ్వ ఏడుపు మధ్యలోనే. "మీరు పాట ఎత్తుండ్రి. ధైర్యమిచ్చే పాట గాదు, మీరు వద్దన్న పాట."

ముందుగా బుచ్చన్నే ఎత్తాడు, బొగ్గుధూళి మింగిన ఆ బొంగురు గొంతుతో, శ్రుతి తప్పుతూ. రవికాంత్ అందుకున్నాడు, తర్వాత టెంటంతా అందుకుంది. సారవ్వ ఏడుస్తూనే వాళ్లందరికంటే గట్టిగా పాడింది.