కొత్త పెట్టని మామిడికాయ

అడవి ఆఫీసర్లకి ఏ జంతువు ఏ వేళకి నీళ్ళు తాగుతుందో తెలుసు. మనుషులు ఎప్పుడు ఏం తింటారో మాత్రం అడగరు. నన్నొక్క మాట అడిగి ఉంటే ఆ రోజు మా తుమ్మిగూడలో అంత రభస జరిగేది కాదు.

నా పేరు యమున. సవరదాన్ని, ఈ కొండ మీది పంచాయతీకి సర్పంచిని. మా ఊరి వెనక కొండని నేషనల్ పార్కులో కలుపుతారని ఏడాదిగా అనుకుంటున్నారు. ఆ కొండ మీదే రాళ్ళమెట్ట ఉంది. మా ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళ పేరున అక్కడొక రాయి నిలబెడతాం. తర్వాత వెళ్ళి అన్నం పెడతాం, కబుర్లు చెబుతాం. మా మావ రాయి పోయిన ఏడే నిలబెట్టాం. మెట్ట పార్కులోకి పోతే మావని చూడటానికి ఏ గేటు దగ్గరో నిలబడి పర్మిషన్ అడుక్కోవాలి. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఉగాది వెళ్ళాక ఆఫీసరు నరసింగరావుగారు జీపులో వచ్చారు. బొబ్బిలి మనిషి, మర్యాదస్తుడే. ఊరంతా బడి దగ్గర చేరింది. గోడకి మ్యాపు తగిలించి, "మీ మాట వినడానికే వచ్చాం. ముందు భోంచేద్దాం" అన్నారు.

పొట్లాలు విప్పితే మామిడికాయ పులిహోర. చాలదన్నట్టు పక్కనే మామిడి రసం సీసాలు.

ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. కొండ మీద మామిడికి ఇంకా కొత్త పెట్టలేదు మరి. మా పూజారిని ఎజ్జోడు అంటాం. ఆయన రోజు చూసి చెప్పాలి. తొలి కాయ దేవతకీ, పోయిన పెద్దలకీ పెట్టాలి. వాళ్ళు తిన్నాకే మేం తినాలి. అంతవరకూ చెట్టు కింద రాలిన పిందె కూడా నోట పెట్టుకోం. పైగా, ఒకరు పెట్టిన కూడు ముట్టకుండా వాళ్ళతో ఊరి సంగతి మాట్లాడటం మా ఊళ్ళో తప్పు. తినడానికి లేదు, తినకుండా మాట్లాడటానికీ లేదు. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు.

"పార్కు హద్దు మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని ఆయన రెండు మూడుసార్లు అడిగారు. ఎవరూ పలకలేదు. ఆయన ఏదో రాసుకుని కాగితం నా ముందుకి తోశారు. 'ఎవరూ అభ్యంతరం చెప్పలేదు' అని ఉంది. అడుగున నా సంతకానికి చోటు.

"నేను పెట్టను సార్" అన్నాను.

"ఎందుకు పెట్టవు? ఒక్కరైనా నోరు తెరిచారా? మా ఇంటావిడ పొద్దున్నే లేచి దగ్గరుండి చేయించిన అన్నమమ్మా ఇది. ఒక్క ముద్ద ముట్టుకోలేదు. ఇంతకన్నా అవమానం ఉంటుందా?"

ఆయన మొహం చూస్తే నిజంగానే బాధపడ్డట్టు ఉంది. నా కోపం సగం దిగింది. మామిడికి కొత్త పెట్టే సంగతి చెప్పాను. మొదట సాకు అనుకున్నారు.

"ఉగాది వెళ్ళిపోయింది కదమ్మా! ఉగాది పచ్చడి దేవుడికి పెట్టందే మా అమ్మ కూడా మామిడి పిందెని గడప దాటనిచ్చేది కాదు. పండగయ్యాకే కదా తెచ్చాం."

"అది బొబ్బిలి ఉగాది సార్. ఇది తుమ్మిగూడ."

ఆయనకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నారు. "ఫైలు ఆగదమ్మా. పై ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు."

"మా కొత్తకి రండి. మా ఇంట్లో కూడు తినండి. అప్పుడు సూద్దురు గానీ ఎవులు నోరు తెరుస్తారో."

వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. పొట్లాలు ఎక్కించుకుని జీపు కొండ దిగిపోయింది.

జీపు కనుమరుగయ్యాక మా అత్త జగ్గమ్మ నా మీద విరుచుకుపడింది. "ఒలే యమునా, ఆ బాబుని ఎల్లగొట్టేసినావు. కోపానికి ఆ కొండంతా కలిపేసుకుంటే మీ మావకి ఏటి సెప్తావే?"

"సంతకం పెడితే మాత్రం ఏటి సెప్తానత్తా?" అని ఎగిరాను గానీ, లోపల భయంగానే ఉంది. నా సంతకం లేకుండా వాళ్ళ పని సాగదని చదివాను. చదివింది జరుగుతుందో లేదో నాకేం తెలుసు? కొత్త వచ్చేదాకా ఏ మోటారు చప్పుడైనా వాకిట్లోకి పరిగెత్తి చూసేదాన్ని.

ఎజ్జోడు రోజు చెప్పగానే ఆఫీసరుగారికి కబురు పంపాను. కొత్త పెట్టే రోజున డప్పులు మోగుతున్నాయి. ఎజ్జోడు పూజ ముగించి లేచాడు. అప్పుడు ఊరి మొదట్లో ఒక బండి ఆగింది. నరసింగరావుగారు, ఒక్కరే. యూనిఫాం లేదు. పిలవని పేరంటానికి వచ్చినవాడిలా అక్కడే నిలబడిపోయారు. మా అత్తే ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అడ్డాకులో అన్నం, మామిడికాయ పప్పు వడ్డించింది.

"ఇంకాస్త ఎయ్యనా బాబూ?"

"వెయ్యమ్మా."

ఆయన చెయ్యి కడుక్కున్నారో లేదో, ఊరు నోరు విప్పింది. అందరూ ఒక్కసారే. మ్యాపు నేల మీద పరిచారు. ఈ గీత ఎవులు గీసినారు, మా ఊట ఏది, సింతలతోపు ఏది, మెట్ట ఏది అని ఎవరికి వాళ్ళే వేలు పెట్టి చూపిస్తుంటే, ఆయనకి ఎవరి వైపు తిరగాలో తెలియలేదు.

"మ్యాపులో మెట్ట దగ్గర ఏమీ లేదమ్మా. ఖాళీ కొండ" అన్నారు.

"కాళీయా? నడు బాబూ, సూపిస్తాను" అని మా అత్త కర్ర అందుకుంది.

దారి పొడుగునా ఆయన ఆయాసపడుతూనే ఉన్నారు. మెట్ట ఎక్కి రాళ్ళు చూశారు. చిన్నవీ పెద్దవీ, నాచు పట్టినవి, కొత్తవి, కొండవాలంతా రాళ్ళే. ఆయన చెప్పులు విడిచి పక్కన పెట్టారు. అత్త మావ రాయి దగ్గర కూలబడి, ఆకులో తెచ్చిన అన్నం పెట్టి, కొంగుతో రాయి తుడిచింది.

"ఇదిగో, పార్కు బాబు వచ్చినాడు. మన కొత్త తిన్నాడు, మనోడే. నీ సోటు పోతాదని నా మనసు కొట్టుకుంటన్నాది. ఇంక నీకేటి కావాలో నువ్వే సెప్పుకో" అంది. చెప్పి ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.

 ఆయన సంచిలోంచి తెల్లకాగితం తీశారు.

"ఆయన పేరేంటమ్మా?"

అత్త మొగుడి పేరు చెప్పదు. నేనే చెప్పాను. "సవర ఎండయ్య."

అభ్యంతరం చెప్పినవాళ్ళలో మొదటి పేరుగా దాన్నే రాశారు. నేను కళ్ళు తుడుచుకుని, "పోయినోల పేరు సెల్లదు గద సార్?" అన్నాను.

"గీత జరపడం నా ఒక్కడి చేతిలో లేదు. మెట్టని పార్కు బయట ఉంచమని మాత్రం రాస్తాను. ఈ పేరు సంగతంటావా, పైవాళ్ళు కొట్టేస్తారేమో. కొట్టెయ్యాలంటే ముందు చదవాలి కదమ్మా. చదివితే ఈయనెవరని అడగాలి. అడిగితే ఇక్కడిదాకా ఎక్కి రావాలి."

మావ పేరు కింద ఊరందరి పేర్లూ చెప్పించుకుని రాశారు. ఆయన పెన్ను ఇంకా ఆగకముందే కాగితం లాక్కుని నా సంతకం పెట్టేశాను.