నా మీద రాసిన పేరు

నేను ఒక చుట్టుబల్లను, అంటే చుట్టిపెట్టుకునే నల్లబల్లను. గుడ్డకు నల్లరంగు పూసి, రెండు చివర్లా కర్రలు బిగించి, పార్వతీపురంలో ఒక పెయింటరు నన్ను తయారుచేశాడు. విప్పితే బడి, చుడితే చంకలో కర్ర. పదకొండేళ్ళు గేదెల హైమావతి టీచరు చంకలోనే బతికాను. రిటైరయ్యాకైనా ఆవిడ కుదురుగా కూర్చుంటుందని, నాకూ కాస్త విశ్రాంతి దొరుకుతుందని అనుకున్నాను. నా పిచ్చిగానీ! ఉగాండాలో శరణార్థుల శిబిరమట. అక్కడి పిల్లలకు చదువు చెప్పడం ఎలాగో, యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళకు నేర్పాలట. జీతం గీతం ఏమీ లేదట. మూడు నెలలకు ఒప్పుకుని, నన్ను చీరల మధ్య కుక్కి విమానమెక్కించింది.

మొదటి రోజు టార్పాలిన్ కింద ఇరవైమంది ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? పాఠం కంటే ముందు హాజరు! నా మీద మూడు గడులు గీసింది: పేరు, భర్త పేరు, సొంత ఊరు. "ఊఁ, ఒక్కొక్కరే చెప్పండి" అంది ఇంగ్లీషులో. దుబాసీ లాడో ఆ మాట వాళ్ళ భాషలో చెప్పడానికి నీళ్ళు నమిలాడు. ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ముందు వరసలో ఉన్న కిడెన్ అనే ఆమె, టీచరు మాట తీసెయ్యలేక, మూడూ చెప్పింది. ఈవిడ మురిసిపోయి ఆ పేరు నా మీద ఇంతింత అక్షరాలతో రాసింది.

అప్పుడు లాడో ఆవిడ చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మా, మా ఊళ్ళలో తుపాకులవాళ్ళు ఇలాగే జాబితా చదివేవారు. లేచి వెళ్ళినవాడు తిరిగొచ్చేవాడు కాదు. ఈమె మొగుణ్ణి చంపినవాళ్ళను ఈమె దాక్కుని చూసింది. సాక్ష్యం చెబుతుందని వెతుకుతున్నారు. ఈమె మొహం వాళ్ళకు తెలీదు, పేరే తెలుసు. నిన్నటినుంచి ఇద్దరు శిబిరంలో అడుగుతూ తిరుగుతున్నారు."

"ఓలమ్మో, ఎంత పని సేసినాను!" అని టీచరు గొణుక్కుంది. డస్టరు కోసం చెయ్యి చాచేలోపే ఇద్దరు మగవాళ్ళు లోపలికి తొంగిచూశారు.

"మా చెల్లెలి కోసం వెతుకుతున్నాం" అన్నాడొకడు ఇంగ్లీషులో, నవ్వుతూ. కిడెన్ వాళ్ళను చూసి తల వంచేసింది.

టీచరు అప్పటికే నాకు వీపు ఆనించి నిలబడింది. ఆ వీపు వణుకు నా కర్రలదాకా పాకింది. తుడిస్తే అనుమానం, పక్కకు జరిగితే ఆ పేరు బయటపడుతుంది. నాకు గుండె లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే అక్కడే ఆగిపోయేది.

ఆవిడ గొంతు సవరించుకుంది. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని నిలదీసే గొంతు అది.

"రండి, రండి. హాజరు వేస్తున్నాను. మీ పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పండి. శిబిరం ఆఫీసుకు పంపాలి."

లాడో చప్పున కలం తీశాడు. వాళ్ళ నవ్వు ఎగిరిపోయింది. మొహమొహాలు చూసుకున్నారు. "మళ్ళీ వస్తాం" అంటూ వెనక్కి నడిచారు.

"ఊరి పేరైనా చెప్పి వెళ్ళండి!" అని ఆవిడ గట్టిగా అరిచింది. అందరి పేర్లూ అడిగి తిరిగే మనుషులకు సొంత పేరు చెప్పడమంటే అంత భయమని నాకు ఆ రోజే తెలిసింది.

వాళ్ళు కనుమరుగవగానే టీచరు కూలబడింది. పేరు సగం ఆవిడ జాకెట్టుకు అంటుకుంది, మిగతా సగం కిడెన్ తన అరచేత్తో తుడిచేసింది. "నన్ను క్షమించమ్మా" అని టీచరు వెక్కి వెక్కి ఏడ్చింది. కిడెన్ ఆవిడ వీపు మీది సుద్ద మెల్లగా దులిపింది.

ఆ సాయంత్రమే శిబిరంవాళ్ళు కిడెన్‌ను దూరంగా మరో శిబిరానికి పంపించారు. బండి ఎక్కబోతుంటే టీచరు నన్ను చుట్టి ఆమె చంకలో పెట్టింది. "నేను నీకు ఏమీ నేర్పలేదు. ఇదే నేర్పుతుందిలే" అంది. నన్నడిగితే కదా! అయినా వెళ్ళాను.

ఇప్పుడు మామిడిచెట్టు కొమ్మకు వేలాడుతున్నాను. ఎదురుగా నలభైమంది పిల్లలు. ఇక్కడ హాజరు లేదు. కిడెన్ తలలు లెక్కపెట్టుకుంటుంది, అంతే.

మొదటి రోజే ఒక పిల్ల లేచి అడిగింది: "టీచర్, మీ పేరేమిటి?"

కిడెన్ సుద్దముక్క పట్టుకుని నా ముందుకు వచ్చింది. రాయకమ్మా, రాయకు అని మొత్తుకున్నాను, వినే చెవులు ఎవరికున్నాయి? ఆమె ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాసింది.

నలభై గొంతులూ ఒక్కసారే చదివాయి: "హైమావతి టీచర్!"