మాగేసిన గదిలో కల్లు వాసన

ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నిదానంగా రాస్తాను, ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదవండి, చదువు నాకు మనవలు పుట్టాక వచ్చింది.

కల్లే, సందేహం లేదు, మామిడికాయలు మాగేసిన గది తలుపు సందులోంచి వస్తున్నది పులిసిన కల్లు వాసనే, తాగుబోతు మొగుడితో కాపురం చేసిన కనకమ్మ ముక్కుకి ఆ వాసన ఒకరు చెప్పాలా, ఆయన పోయాడు, ఆయనతో వాసనా పోయిందనుకుంది, ఇప్పుడు తమ్ముడు చిన్నప్ప పట్టుకొచ్చాడు, మానేశానక్కా, ఒట్టు, అని కిందటేడు ఆగిరిపల్లి నుంచి మూటతో వచ్చి గుమ్మంలో నిలబడితే, మళ్ళీ తాగావో ఆ మూటతోనే పోతావురా అంది, సరేనన్నాడు, ఆ గది ముందే నులకమంచం వేసుకుని కాపలా, కాపలానా, లోపల ముంత దాచుకోడానికా, ఆ కళ్ళు చూడు ఎంత ఎర్రగా ఉన్నాయో, గడ్డి దుమ్మక్కా అంటాడు, దుమ్ము నీ ఒక్కడికేనా, కావాలంటే నా నోరు వాసన చూడు, చూసింది, లవంగం, లవంగమెందుకురా, పన్నునొప్పక్కా, అవునవును, మీ బావకీ ఉండేది ఆ పన్నునొప్పి, అంటే నవ్వాడు, దొంగనవ్వు, పొద్దున్నే తెగేసి చెప్పేసింది, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోరా, మూట కట్టుకో, ఈసారి నవ్వలేదు, ఎక్కడికక్కా అనీ అడగలేదు, అడగడేం, తప్పుంది కనకే.

అరుగు మీద కూతురు శకుంతల, తప్పిన బోటనీ పరీక్ష కోసం గొంతు చించుకుంటోంది, కణాల్లోని మైటోకాండ్రియా ఆక్సిజన్‌తో చక్కెరని పూర్తిగా దహించి శక్తినిస్తాయి, కొంత వేడిగా పోతుంది, ఏంటే ఆ గోల, చెట్లకి పొయ్యిలుంటాయా, ఉంటాయమ్మా, కంటికి ఆననంత చిన్నవి, నీ ఒంట్లోనూ ఉన్నాయి, అందుకేగా ఎప్పుడూ మండిపడుతుంటావు, ఓసి నీ నోరు పడ, కోసేసిన కాయలోనూ ఉంటాయా, ఉంటాయి, కోసినా కాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, మరి గాలి అందకపోతేనో, ఆ పొయ్యిలు ఆగిపోతాయి, చక్కెర సగంలోనే ఆగి ఆల్కహాలవుతుంది, అంటే, అంటే కల్లులో ఉండేదేనమ్మా.

గాలి అందకపోతే, ఏటా చిన్నరసాల మీద వరిగడ్డి ఒక్కటే కప్పేది, ఈ ఏడు లారీ టార్పాలిన్ కప్పిందెవరు, చిన్నప్ప పళ్ళు తీసి హనుమాన్ జంక్షన్‌లో అమ్ముకుంటాడేమోనని, వాడి వేలు కూడా దూరకుండా చుట్టూ ఇటుకలు పేర్చిందెవరు, వద్దక్కా, కాయ ఉక్కిపోతుంది అని వాడంటే, నీకెందుకురా అంత బాధ అని ఇంకో వరస పేర్చిందెవరు, తలుపు తోసింది, ఇటుకలు కాలితో తన్నింది, టార్పాలిన్ ఎత్తితే అన్నం కుండ మూత తీసినట్టు ఆవిరి మొహాన కొట్టింది, గడ్డంతా చెదరేసి వెతికింది, ముంత లేదు, అడుగున ఒక పండు చిదిమి ముక్కు దగ్గర పెట్టుకుంది, అదే వాసన, పండులోంచే, ఒరేయ్ చిన్నప్పా, ఇటు రారా, ఈ అంచు పట్టుకో, మూట కట్టేశానక్కా, బస్సుకి వేళయింది, అంటున్నాడు గుమ్మం బయటే నిలబడి, మూట కింద పెట్టరా ముందు, పెట్టాడు, అంచు పట్టుకున్నాడు, లవంగం వాసన, దవడ నిజంగానే వాచి ఉంది, ఇంతసేపూ చూడనేలేదు, ఈ మూటతో వీడు ఎక్కడికి పోయేవాడు, నేరుగా కల్లుపాకకే పోయేవాడు, అప్పుడు తను ఊరంతా వినేలా, చూశారా, నేను చెప్పలేదా, అనేది.

రాసింది పుష్పవతి, అరవై మూడేళ్ళు, ఇప్పుడు మైలవరంలో కూతురి దగ్గర ఉంటున్నాను.