ఎండ్రకాయ అని రాసిన పేజీ

నేను ఒక ఇంగ్లిషు నిఘంటువుని. మాటకి అర్థం చెప్పి ఊరుకోను, అది ఏ భాషలో ఏ మాటలోంచి పుట్టిందో కూడా చెబుతాను. మొదట నన్నొక కాలేజీ లెక్చరరు కొన్నాడు. నలభై పేజీల వరకు ఎర్రగీతలు గీశాడు. తర్వాత పదేళ్లు బీరువాలో ఉంచి, వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించాడు.

ఆయన ఇల్లు మారినప్పుడు బెజవాడలో పాత పుస్తకాల కొట్టుకి చేరాను. అక్కడ సువార్త నన్ను కొనుక్కుంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. పదో తరగతి పాసైంది. కౌంటర్లో కూర్చుని ఓపీ చీటీలు రాసే పని కావాలని ఆమె ఆశ. దానికి డాక్టర్ల మాటలు తెలియాలి కదా. పెద్ద మాటల్ని చిక్కుడుకాయల్లా విరిచేది. చివర ‘ఐటిస్’ అని ఉంటే వాపు, ముందు ‘హెపాట్’ అని ఉంటే కాలేయం. పేషెంటు అంటే అసలు బాధ ఓర్చుకునేవాడని చదివిన రోజు, ఆ సంగతి భర్త యేసురత్నానికి చెప్పి మురిసిపోయింది. అతను ఆటోల మెకానిక్కు.

ఎండలు ముదిరే వేళకి యేసురత్నానికి కడుపునొప్పి పట్టుకుంది. పరీక్షలు చేశారు. రిపోర్టు ఇంటికి తెచ్చి సువార్త నన్ను తెరిచింది. కార్సినోమా. ఎండ్రకాయ అని అర్థమొచ్చే గ్రీకు మాటలోంచి పుట్టిందని నాలో ఉంది. అలవాటు చొప్పున పక్కన పెన్సిలుతో ‘ఎండ్రకాయ, కేన్సరు’ అని రాసింది. రాశాక చెయ్యి ఆగిపోయింది. పక్క మాట మెటాస్టాటిక్. దాన్నీ విరిచింది. ఉన్నచోటు దాటి పాకిందని అర్థం.

“రిపోర్టులో ఏం రాశారు?” అన్నాడు అతను గుమ్మంలోంచి.

“పుండంట. మందులకి తగ్గుతుందంట.”

మర్నాడు డాక్టరు ఆమెని పక్కకి పిలిచి, ఇక నొప్పి తగ్గించడం తప్ప చేసేదేం లేదన్నాడు. ఆ మాటా ఆమె ఇంట్లో చెప్పలేదు.

వారం తర్వాత, ఆమె డ్యూటీలో ఉండగా, యేసురత్నం నన్ను దించాడు. బళ్ల నంబర్ల పుణ్యాన అతనికి ఇంగ్లిషు అక్షరాల వరకే వచ్చు. రిపోర్టు ఒళ్లో పెట్టుకుని ఒక్కో అక్షరమే సరిచూసుకుంటూ ఆ పేజీకి వచ్చాడు. భార్య చేతిరాత చదివాడు. నన్ను మళ్లీ ఉన్నచోటే పెట్టేశాడు. ఆమె రాగానే, ఇవాళ నొప్పి కాస్త తగ్గినట్టుందన్నాడు. ఆమె మొహం పొయ్యి వైపు తిప్పుకుని, తగ్గుతుందిలే అంది.

అలా మూడు నెలలు గడిపారు. వేల మాటలున్న నేను ఒక్కటీ పలకలేకపోయాను.

తొలకరికి అతను పోయాడు. జ్ఞాపక ప్రార్థన అయ్యాక పాస్టరుగారు ఆమెతో అన్నారు: “రత్నానికి అంతా తెలుసమ్మా. తనకి తెలిసినట్టు నీకు తెలియనివ్వొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు.”

సువార్త ఇంటికొచ్చి నా ఎదురుగా కూలబడింది. ఏడవలేదు.

“మూడు నెలలు,” అంది, పోయిన భర్తతో అన్నట్టు. “ఇద్దరం కూర్చుని ఏడ్చినా బాగుండేదయ్యా.”

కౌంటరు పని ఖాళీ అయిందని ఆసుపత్రి నుంచి కబురొస్తే, ఆ మాటలతో ఇక పని వద్దంది. నన్నూ తూకానికి అమ్మేసింది. ఇప్పుడు నేను పాత ఇనుప కొట్టు వెనక, వాన పడేచోట ఉన్నాను. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి.