రెప్పలో కాంట్రాక్టరు

గని కాంట్రాక్టరు గురవయ్య నా ఎడమ కంటి పై రెప్పలో ఉంటున్నాడు. మొహం కడుక్కుంటుంటే వేలికి తగిలాడు. కందిగింజంత ఉన్నాడు. నొప్పి లేదు.

అతను అక్కడ ఉండటానికి కారణం ఉంది. నా తమ్ముడు దావీదును పనిలో పెట్టుకున్నప్పుడు, పిల్లాణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటానని అమ్మ ముందు మాటిచ్చాడు. తర్వాత, బండ కదులుతోందని తెలిసీ దావీదును దాని కిందికి పంపాడు. దావీదు పోయాడు, మాట మిగిలింది. ఆ మాటే గురవయ్యను పట్టుకుని రెప్ప దాకా తెచ్చింది.

కంటి ఆసుపత్రికి వెళ్తాను. డాక్టర్ శకుంతల దూదిపుల్లతో రెప్పను తిరగేస్తుంది. గురవయ్య ఆమెకు నమస్కారం పెడతాడు. ఇలాంటి గడ్డ అరుదని, ఏ రకమో తేలాలంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని అంటుంది. అతని చిటికెన వేలి గోరు కత్తిరించి సీసాలో వేస్తుంది. బయట గదిలో కూర్చుంటాను. ఫలితం వచ్చేలోగా గది పొడుగు పెరుగుతుంది. డాక్టరు నా దగ్గరికి రిక్షాలో రావాల్సి వస్తుంది.

"హాని చేసేది కాదమ్మా."

"చేశాడు," అంటాను.

"క్యాన్సర్ కాదంటున్నాను."

దావీదు చావు మీద విచారణకు వచ్చిన అధికారి కూడా గురవయ్య వల్ల ఎవరికీ హాని లేదనే తేల్చాడని చెబుతాను.

డాక్టరు వైద్యం వివరిస్తుంది. మందుకు కరగడు. రెప్పకు మత్తిచ్చి, వేరుతో సహా కోసి తీసి, కుట్లు వెయ్యాలి. తీశాక అతనేమవుతాడని అడుగుతాను. చొక్కా వేసుకుని ఇంటికి వెళ్తాడట. తీయకపోతే పెరుగుతాడు. రెప్ప బరువెక్కి కన్ను మూసుకుపోతుంది.

గురవయ్య లోపల్నుంచి మాట్లాడతాడు. "తీపిచ్చెయ్ రూతమ్మా. కన్ను పోద్ది. నీ మంచికే చెప్తన్నా."

"మా అమ్మతో గూడా ఇట్టనే చెప్పినావు గదయ్యా. చూసుకో మరి."

డాక్టరు కత్తి పట్టుకునే ఉంది. "కన్ను పోతే మళ్లీ రాదమ్మా."

"తమ్ముడూ అంతే డాక్టరమ్మా."

ఆమె కత్తిని ట్రేలో పెట్టేస్తుంది.

బస్సెక్కేసరికి రెప్ప చెంప దాటుతుంది. దిగేసరికి మోకాళ్ల కిందికి జారుతుంది. తొక్కకుండా జరగమని కండక్టరు జనానికి చెబుతాడు. గురవయ్య మంచినీళ్లు అడుగుతాడు. కంట్లో దొరికే నీళ్లు ఒక్కటే రకం. అవి దావీదును పాతిపెట్టిన రోజే అయిపోయాయని చెబుతాను.

వీధిలోకి నడిచేసరికి రెప్ప నేలను తాకుతుంది. గనిలో మనుషుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు గుమ్మాల్లోంచి లేచి వస్తారు. ఎవరినీ పిలవలేదు. మార్తమ్మ అంచు పట్టుకుని ఎత్తి లోపలికి తొంగి చూస్తుంది.

"ఉన్నాడా పిన్నీ?" అని అడుగుతాను.

"ఉన్నాడు. మూలకి నక్కినాడు."

నా రెప్ప వెంట్రుకలు గడ్డపారలంత పెరిగాయి. ఆడవాళ్లు తలా ఒకటి పీక్కుంటారు. కొంగులు బిగించి, ఒకరి వెనక ఒకరు రెప్ప కిందికి వెళ్తారు. లోపల గురవయ్య ఒక్కొక్కరినీ అమ్మా అని పిలుస్తున్నాడు.

చివరిది నాకు ఉంచారు. దాన్ని పీకి భుజాన వేసుకుని, రెప్ప ఎత్తి, తల వంచి, నా కంట్లోకి నడుస్తాను.