ఎడమ చెవి మడత

దుబాయ్‌లో వాట్సాప్ వీడియో నడవదన్న సంగతి జగిత్యాల దాకా తెలుసు. కాబట్టి ప్రమోద్ అబద్ధంలో సగం పని దేశమే చేసిపెట్టింది. వేరే యాప్‌లు ఉన్నాయని వాళ్లమ్మ చంద్రవ్వకు ఎవరూ చెప్పలేదు.

బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. ఆసుపత్రిలో అతని భార్య మంజుల కళ్లు తెరిచేసరికి చూడాల్సిన వాళ్లంతా చూడటం, పూడ్చాల్సిన చోట పూడ్చటం అయిపోయాయి. తల్లి చూస్తే మరిచిపోలేదని అందరూ కలిసి తీర్మానించారు. ఆ అందరిలో మంజుల లేదు.

"ఎట్లుండె?" అని రెండుసార్లు అడిగింది.

"ఇడిసెయ్," అన్నాడు ప్రమోద్. డ్యూటీకి పోయాడు.

దుబాయ్ సత్వాలో వాళ్లది ప్లైవుడ్ చెక్కతో విడగొట్టిన అరగది. అక్కడ రహస్యం దాచాలంటే పక్కవాళ్ల సాయం కూడా కావాలి. ఆదివారం చెక్క అవతల నిలబడి అతను ఫోన్లో తల్లితో అంటున్నాడు:

"పండుకున్నదే అవ్వా... ఆఁ, ముక్కు అచ్చం నీదే. నెత్తి నిండ ఎంటికలు. ఎడమ చెవు జర మడిచినట్టున్నది."

మంజుల ఫ్యాన్ ఆపేసి విన్నది.

ఆనాటి నుంచి ఆమెకు అత్తగారి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "మీ అవ్వకు ఫోన్ చెయ్యరాదుండ్రి," అనేది. పెళ్లయిన నాలుగేళ్లలో లేని ఈ భక్తికి ప్రమోద్ బిత్తరపోయాడు. అయినా చేసేవాడు. ఆమె వినేది. అయితే చెవి నిజంగా మడిచి ఉందా, తల్లి కోసం మాటల్లో మడిచాడా? అదొక్కటే ఆమెకు తేలటం లేదు.

పంతొమ్మిదో రోజున చంద్రవ్వ ఫోన్లో తేల్చి చెప్పింది. "ఇరువయ్యొకటో దినం ఈడ తొట్టెల కడుతున్న. కడియాలు చేపిచ్చిన. ఫోటువ పంపు బిడ్డా, తొట్టెలల్ల పెడ్త."

మర్నాడు మంజులకు క్లినిక్‌లో చెకప్, ప్రమోద్ తోడు వెళ్లాడు. కౌంటర్ దగ్గరి అమ్మాయి కంప్యూటర్ చూసి, "బేబీ కహాఁ హై? టీకా భీ హై నా," అని హిందీలో బిడ్డ ఏదని, టీకా కూడా ఉందని అంది.

మంజుల కేసు తెలిసిన నిజామాబాద్ నర్సు షాహీదా ఆ మాట వినగానే లేచి వచ్చి, ఇద్దరినీ లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. బీపీ చూసింది.

"పాలు గట్టిపడ్డయా చెల్లె? గుడ్డ బిగిచ్చి కట్టకు. సల్లటి గుడ్డ పెట్టు. ఎర్రగైనా, జరమొచ్చినా ఎంటనే రా."

ఇన్ని రోజుల్లో పాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మంజుల తల ఊపింది.

షాహీదా కుర్చీ ప్రమోద్ వైపు తిప్పింది. "నువ్వెట్లున్నవ్ తమ్మీ?"

"డ్యూటీకి పోతున్న."

"డ్యూటీ ముచ్చట అడుగుతలేను. బిడ్డను చూసినవా?"

ప్రమోద్ గోడ మీది బరువుల చార్టు చూశాడు. "ఎత్తుకున్న," అన్నాడు. "నెత్తి నిండ ఎంటికలక్కా. ముక్కు మా అవ్వది." మంజుల కుర్చీ అంచుకు జరిగింది. అతను తన ఎడమ చెవి పైఅంచును వేలితో మడిచి చూపించాడు. చేయి అక్కడే ఉండిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది మంజుల.

"ఏడుస్తవని."

"ఇన్నొద్దులు నవ్వుతున్ననా?"

షాహీదా టిష్యూ డబ్బా మధ్యలో పెట్టింది. "పేరేమనుకున్నరు?" అని అడిగింది.

"కరుణ," అన్నారు ఇద్దరూ. ఫైలులో ఆ పేరు రాసి, టీకాల పిలుపు తీసేయించి వస్తానని ఆమె బయటికి పోయింది.

ప్రమోద్ ఫోన్ తీశాడు. తల్లి నంబరు నొక్కగలిగాడు, అంతే. మంజుల అందుకుంది.

"అత్తా, తొట్టెల కట్టకుండ్రి. పిల్ల లేదు. కడుపులనే పోయింది. మీ కొడుకు మీకు చెప్పలేకపాయె."

అవతల కోళ్ల చప్పుడు వినిపిస్తోంది. చంద్రవ్వ అడిగింది.

"మరి ముక్కు నాదే అన్నడు?"

"అది నిజమే అత్తా," అంది మంజుల. "చెవు సుత నిజమే."